ముప్పై ఒక్క సెంట్ల ఖాతా

కిందటి నెల ఈ శీర్షికలో ఒక జవాబు రాస్తూ మ్యాగీ లీనా వాకర్ పేరు ఎత్తాను. అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో బట్టలుతికే తల్లి చేతికింద పెరిగి, 1903లో సొంతంగా బ్యాంకు పెట్టిన నల్లజాతి మహిళ అని, గొప్ప దాత అని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఆ రెండు వాక్యాలు చదివి ఇంతమంది ఉత్తరాలు రాస్తారని అనుకోలేదు. అందుకే ఈ నెల జవాబులన్నీ ఆమె గురించే. ముప్పై రెండేళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని. ఈమె గురించి రాసే అవకాశం దొరికితే వదులుకోలేను.

ప్రశ్న: మా పొదుపు సంఘం లెక్కలు నేనే రాస్తాను. నెలకు వంద రూపాయలు కట్టించడానికే తల ప్రాణం తోకకు వస్తుంది. ఆ రోజుల్లో ఇళ్లల్లో పని చేసుకునేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఏం మిగిల్చి బ్యాంకులో వేశారు? ఎలా నమ్మారు?

అమ్మా, మీరు అడిగిన రెండో ప్రశ్నే అసలైనది. మిగల్చడం కంటే నమ్మడమే వాళ్లకు కష్టమైంది.

అమెరికాలో బానిసత్వం రద్దయిన ఏడు, అంటే 1865లో, విడుదలైనవాళ్ల కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు అని ఒకటి పెట్టారు. జీవితంలో మొదటిసారి చేతికి వచ్చిన కూలి డబ్బులను జనం దాంట్లో దాచుకున్నారు. పైన కూర్చున్నవాళ్లు అడ్డగోలుగా అప్పులిచ్చారు. 1874లో బ్యాంకు మూతపడింది. అరవై వేలకు పైగా ఖాతాదారులవి దాదాపు 30 లక్షల డాలర్లు అందులో చిక్కుకుపోయాయి. కొందరికి కొంత తిరిగి వచ్చింది, చాలామందికి ఏమీ రాలేదు. ఆ ఏడుపు వింటూ పెరిగిన పిల్లలు 1903 నాటికి సంసారాలు చేసుకుంటున్నారు. మ్యాగీ వాకర్ వెళ్లి డబ్బు అడగవలసింది వాళ్లనే.

ఆమె 1864లో పుట్టింది. తల్లి ఒకప్పుడు బానిస. సవతి తండ్రి హోటల్లో వడ్డించేవాళ్ల మీద పెద్దగా పని చేసేవాడు. 1876లో అతని శవం నదిలో దొరికింది. ఆ తర్వాత తల్లి తెల్లవాళ్ల ఇళ్ల బట్టలు తెచ్చి ఉతికి ఇల్లు గడిపింది. మాసిన బట్టలు తేవడం, ఉతికినవి ఇచ్చి రావడం మ్యాగీ పని. పెద్దయ్యాక ఆమె తన గురించి చెప్పుకున్న మాట ఒకటుంది: నేను వెండి చెంచా నోట్లో పెట్టుకుని పుట్టలేదు, దాదాపుగా బట్టల బుట్ట నెత్తిన పెట్టుకునే పుట్టాను, అని.

పద్నాలుగేళ్లప్పుడు ఆమె ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ సెయింట్ లూక్ అనే సహాయ సంఘంలో చేరింది. సభ్యులు చందా కడతారు. జబ్బు చేస్తే సంఘం చూసుకుంటుంది, చనిపోతే ఖననం ఖర్చు ఇస్తుంది. చదువు అయ్యాక మూడేళ్లు బడిలో పాఠాలు చెప్పింది. 1886లో పెళ్లయింది. పెళ్లయిన ఆడవాళ్లను ఉపాధ్యాయులుగా ఉంచని రోజులవి కాబట్టి ఉద్యోగం పోయింది. సంఘం పని మాత్రం వదల్లేదు. 1899లో సంఘానికి ముఖ్య కార్యదర్శి అయ్యేనాటికి ఖజానాలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు. నెలకు 8 డాలర్ల జీతానికి ఒప్పుకుంది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నాయనకు అంతకంటే బాగా ఎక్కువే ఇచ్చేవారు.

1901 ఆగస్టులో సంఘం మహాసభలో నిలబడి, మనకో బ్యాంకు కావాలని చెప్పింది. మన డబ్బు మనమంతా ఒకచోట చేర్చుదాం, వడ్డీకి మనలో మనమే తిప్పుకుందాం, ఆ ఫలం మనమే అనుభవిద్దాం అంది. చిల్లర నాణేలను డాలర్లుగా మార్చే బ్యాంకు కావాలంది. అంతటితో ఊరుకోకుండా, రిచ్‌మండ్‌లో తెల్లవాళ్ల బ్యాంకు ఒకదానికి రోజూ కాసేపు వెళ్లి, అక్కడ కూర్చుని పని నేర్చుకుంది. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అప్పటికి ఆమెకు నలభై దగ్గరపడుతున్నాయి. వేలమంది సభ్యులున్న సంఘానికి నాయకురాలు. అయినా లెడ్జరు ఎలా తేలుస్తారో చూడటానికి పక్కవాళ్ల బ్యాంకులో స్టూలు వేసుకుని కూర్చోవడానికి వెనకాడలేదు.

1903 నవంబరు 2న సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తలుపు తెరిచింది. మొదటి రోజే 280 మంది దాకా ఖాతాలు తెరిచారు. డిపాజిట్లూ వాటాల సొమ్మూ కలిపి 9,340 డాలర్లు వచ్చాయి. వాళ్లలో ఒకరు తెచ్చిన సొమ్ము 31 సెంట్లు.

నాకు ఆ 9,340 కంటే ఈ ముప్పై ఒకటే ఎక్కువగా గుర్తుంటుంది. మా శాఖకు ప్రతి సోమవారం ఒకావిడ వచ్చేది. కొంగు ముడి విప్పి రెండు రూపాయల బిళ్లలు, రూపాయి బిళ్లలు కౌంటరు మీద పోసేది. పది పది చొప్పున దొంతరలు పేర్చి, ఒక్కొక్క దొంతరనే నా వైపు జరిపేది. అప్పటికి కంప్యూటర్లు రాలేదు. నేను పాస్‌బుక్‌లో రాస్తున్నంతసేపూ ఆమె చూపు నా పెన్ను ములికి మీదే ఉండేది. చదువు రాదు. కానీ అంకె ఎక్కడ పడాలో ఆమెకు తెలుసు. కిందటి వారం పడ్డ గీతకు సరిగ్గా కింద. "రాసేశారా అమ్మా?" అని అడిగి, సిరా ఆరేదాకా ఊది, అప్పుడు మూసేది. వెనక వరుసలో ఉన్నవాళ్లు చిరాకుపడేవారు. నేనూ మొదట్లో రెండు మూడుసార్లు చిరాకుపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

రిచ్‌మండ్‌లో ఆ 31 సెంట్ల మనిషి పేరుతో కూడా లెడ్జరులో ఒక పేజీ తెరిచారు. వంద డాలర్లు వేసినవాళ్లకు ఎలాంటి పేజీయో అలాంటిదే. మీరు నమ్మకం ఎలా వచ్చిందని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ సంఘంలో ఉండి, జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఖననం డబ్బులు ఇచ్చివచ్చిన మనిషి పెట్టిన బ్యాంకు అది. ఆమె ఇల్లు ఎక్కడో వాళ్లకు తెలుసు. తల్లి ఎవరో తెలుసు. మీ సంఘంలో వంద రూపాయలు కట్టేవాళ్లు కూడా, అమ్మా, మీ మొహం చూసే కడుతున్నారు.

ప్రశ్న: నేను చిన్న వ్యాపారిని. ఆమె జీతం తీసుకుంది, బ్యాంకు లాభం చూసుకుంది, పెద్ద ఇంట్లో ఉంది. వ్యాపారం బాగా చేసిందనండి, ఒప్పుకుంటాను. దాత అనడం ఎందుకు? దానమంటే చేతిలోంచి పోవాలి కదా?

అయ్యా, మీ మాటలో తప్పు లేదు. చేతిలోంచి పోయిన లెక్కా ఉంది ఆమెకు. 1912లో రిచ్‌మండ్ నల్లజాతి మహిళలతో ఒక మండలి ఏర్పాటు చేసింది. దిక్కులేని ఆడపిల్లలు చిన్న తప్పు చేసినా పెద్దవాళ్లతో పాటు జైల్లో వేసే రోజుల్లో, అలాంటి పిల్లల కోసం జేనీ పోర్టర్ బ్యారెట్ అనే సంఘసేవకురాలు ఒక బడి పెట్టబోతే, ఈ మండలి 5,000 డాలర్లు పోగుచేసి ఇచ్చింది. నల్లజాతి హక్కుల కోసం పోరాడే సంస్థకు రిచ్‌మండ్ శాఖ పెట్టినవాళ్లలో ఆమె ఒకరు. ఇవి కాక, గడప తొక్కినవాళ్లకు చేసిన సాయం వేరే ఉంటుంది. అలాంటివాటికి రసీదులు ఉండవు.

అయినా ఆమెను దాత అన్నది నేను వీటిని చూసి కాదు. ఆమె తానే చెప్పిన ఒక సంగతి మీకు చెబుతాను. సెకండ్ స్ట్రీట్, క్లే స్ట్రీట్ కలిసే మూల మీద ఒక బూట్ పాలిష్ కుర్రవాడు ఉండేవాడు. ఒకటే కాలు. అద్దెకు తెచ్చుకున్న కుర్చీ ఒకటి కాలిబాట మీద వేసుకుని, ఎండలో వానలో పని చేసుకునేవాడు. సంఘంలో చేరాడు. రోజూ ఎంతో కొంత దాచేలా చూశారు. యాభై డాలర్లు కూడినప్పుడు, మూడు కుర్చీలు పట్టే చిన్న చోటు అద్దెకు తీసుకోవడానికి సాయపడ్డారు. ఏడేళ్లు తిరిగేసరికి పన్నెండు కుర్చీలతో సొంత దుకాణం. తల్లికి 1,900 డాలర్లు పెట్టి ఇల్లు కొన్నాడు. సామానుతో సహా, పైసా అప్పు లేకుండా. బ్యాంకులో అతని ఖాతా ఎప్పుడూ ఐదు వందల డాలర్లకు తగ్గలేదు.

ఆ ఒంటికాలు కుర్రవాడికి మొదటి రోజే ఎవరైనా యాభై డాలర్లు చేతిలో పెట్టి ఉంటే మీరూ నేనూ దాన్ని దానమనే అనేవాళ్లం. అతను దండం పెట్టేవాడు. ఆ దండం పెట్టే అవసరం లేకుండా చేసింది మ్యాగీ. తల్లికి ఇల్లు కొనిచ్చిన రోజున ఆ ఇల్లు అతనిదే, ఇంకెవరి దయా కాదు. 1920 నాటికి ఆ బ్యాంకు అప్పులతో సుమారు ఆరు వందల కుటుంబాలు సొంత ఇళ్లవాళ్లయ్యాయి. తెల్లవాళ్ల బ్యాంకులు వాళ్లను గుమ్మంలోంచే పంపించేసే రోజులవి. సంఘం ఆఫీసులోనూ బ్యాంకులోనూ నల్లజాతి అమ్మాయిలను గుమాస్తాలుగా పెట్టుకుంది. అంతవరకు వాళ్లకు ఊళ్లో దొరికే పనులు వంట, ఉతుకు, పొగాకు ఫ్యాక్టరీ. మెడకు తెల్లని కాలరు పెట్టుకుని, టైపు యంత్రం ముందు కూర్చునే ఉద్యోగం ఆ వీధుల్లో అమ్మాయిలు అంతకుముందు చూసి ఉండరు.

పెద్ద ఇంటి సంగతి అన్నారు. ఉన్న మాటే. ఈస్ట్ లీ స్ట్రీట్‌లో 1904లో కొన్న ఇల్లు, గదులు కలుపుకుంటూ పోయి 28 గదులైంది. తల్లి, కొడుకులు, కోడళ్లు, మనవలు, పెంచుకున్న అమ్మాయి, అందరూ అక్కడే. కష్టపడి సంపాదించిన మనిషి తన వాళ్లందరినీ ఒక చూరు కింద పెట్టుకుంటే అందులో నాకు తప్పేమీ కనబడటం లేదు. మీకు కనబడితే మరో ఉత్తరం రాయండి, తప్పకుండా చదువుతాను.

ప్రశ్న: ఇలాంటి కథలన్నీ గెలుపుల జాబితాలాగే ఉంటాయి. ఆమె ఎక్కడా ఓడిపోలేదా?

ఓడిపోయింది. అది చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే.

1905లో రిచ్‌మండ్ నడిబొడ్డున, బ్రాడ్ స్ట్రీట్‌లో, సెయింట్ లూక్ ఎంపోరియం అని పెద్ద బట్టల దుకాణం తెరిచింది. నల్లజాతివాళ్లు తెల్లవాళ్ల దుకాణాలకు వెళ్తే కొన్నిచోట్ల టోపీ పెట్టి చూసుకోనివ్వరు, తొడిగి చూసుకోనివ్వరు. ఇక్కడ అద్దాల కిటికీలో నిలబెట్టిన బొమ్మలే నల్లనివి. అమ్మేది మన అమ్మాయిలు, కొనేది మనం. ఆ వీధిలో తెల్ల వ్యాపారులు ముందు ఆ భవనం ఎక్కువ ధరకు మాకే ఇచ్చేయమని బేరం పెట్టారు. ఆమె ఒప్పుకోలేదు. తర్వాత అందరూ కూడబలుక్కుని, ఆ దుకాణానికి సరుకు ఇవ్వొద్దని టోకు వ్యాపారులను బెదిరించారు. సరుకు అందడం కష్టమైంది, ధరలు పెరిగాయి. ఇవన్నీ తట్టుకోవచ్చు. తట్టుకోలేనిది ఇంకొకటి జరిగింది: ఎవరి కోసం పెట్టిందో వాళ్లే నాలుగు సెంట్లు తక్కువకు వస్తుందని పక్క దుకాణాలకు వెళ్లారు. ఆమె సభల్లో బతిమాలింది. మనల్ని తినడానికి వచ్చే సింహానికి మన డబ్బుతోనే మేత వేస్తున్నామని కోప్పడింది. లాభం లేకపోయింది. 1911 నాటికి దుకాణం మూతపడింది.

దీని మీద నా అభిప్రాయం చెబుతాను. పేదవాడు నాలుగు సెంట్లు తక్కువకు దొరికే చోటికి వెళ్లడంలో ద్రోహం లేదు. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్న మనిషికి ఆ నాలుగు సెంట్లూ పెద్దవే. మ్యాగీకి కూడా ఆ సంగతి తెలుసు, తనూ ఆ బుట్ట మోసిందే కాబట్టి. అందుకే ఆమె కోపంలో నాకు బాధే ఎక్కువగా వినిపిస్తుంది.

1904లో ట్రాముల సంగతి కూడా ఇలాగే సగం గెలుపు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ సీట్లు వేరుచేస్తామని ట్రాము కంపెనీ అంటే, ఎవరూ ట్రాము ఎక్కవద్దని ఆమె నడిపే సెయింట్ లూక్ హెరాల్డ్ పత్రిక రాసింది. ఊళ్లో నల్లజాతివాళ్లు చాలామంది నడిచే వెళ్లారు. ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది. కానీ 1906లో రాష్ట్ర చట్టమే వచ్చి, ఆ వేరు సీట్లను తప్పనిసరి చేసింది.

ప్రశ్న: ఆమె భర్త, పిల్లలు? ఇంత పని చేసినావిడకు ఇల్లు సుఖంగా ఉందా?

భర్త ఆర్మ్‌స్టెడ్ ఇటుకలు, కట్టడాల కాంట్రాక్టరు. ముగ్గురు కొడుకుల్లో ఒకడు పసితనంలోనే పోయాడు. 1915 జూన్‌లో ఒక రాత్రి, ఇంట్లో దొంగ పడ్డాడనుకుని పెద్దకొడుకు రసెల్ తుపాకీ పేల్చాడు. చనిపోయింది తండ్రి. హత్య కేసు పెట్టారు, విచారణ జరిగింది, నిర్దోషి అని వదిలేశారు. ఆ కొడుకు మళ్లీ కోలుకోలేదు, 1923లో పోయాడు. ఆమె పదవికి ఎసరు పెట్టాలని ఆ సమయంలో కొందరు చూశారు. ఆమె కదల్లేదు.

అంతకుముందే, 1907లో ఇంటి మెట్ల మీద పడి మోకాలు దెబ్బతింది. అది ముదిరి ముదిరి చివరి ఏళ్లలో చక్రాల కుర్చీలో ఉండిపోయింది. ఇంట్లో లిఫ్టు పెట్టించుకుని, కారును తన కుర్చీకి తగ్గట్టు మార్పించుకుని ఆఫీసుకు వెళ్లేది. సుఖంగా ఉందా అంటే ఏమని చెప్పను? ఆ లిఫ్టులో కిందికి దిగే ప్రతి ఉదయం ఆ ఇంటి గుమ్మం దాటే వెళ్లింది కదా.

ప్రశ్న: ఆ బ్యాంకు ఇప్పుడుందా?

ఆ పేరుతో లేదు. 1910లో రిచ్‌మండ్‌లోనే ఇంకో నల్లజాతి సంఘం బ్యాంకు కుప్పకూలింది. ఆ దెబ్బతో బ్యాంకునూ సంఘాన్నీ విడదీయాల్సి వచ్చింది. ఆమె విడదీసి నిలబెట్టింది. మహామాంద్యం మొదలవగానే ఊళ్లోని మరో రెండు నల్లజాతి బ్యాంకులతో కలిపి కన్సాలిడేటెడ్ బ్యాంక్ అండ్ ట్రస్ట్ చేశారు. ఆమె బోర్డు అధ్యక్షురాలు. దేశంలో వేల బ్యాంకులు మునిగిపోయిన ఆ ఏళ్లలో ఇది మునగలేదు. 2005 దాకా సొంత కాళ్ల మీద నడిచి, ఆ తర్వాత ఇతరుల చేతుల్లోకి వెళ్లింది. ఆమె 1934 డిసెంబరు 15న చనిపోయింది. ఇల్లు జాతీయ స్మారకంగా ఉంది. 2017లో ఆమె పుట్టినరోజున, ఒకప్పుడు ఆమె దుకాణం మూతపడిన ఆ బ్రాడ్ స్ట్రీట్ మీదే పది అడుగుల కంచు విగ్రహం నిలబెట్టారు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. ఆమె పిల్లలకు ఏం చేసింది? నా దగ్గర డబ్బాలో చిల్లర ఉంది, మొత్తం 640 రూపాయలు. ఇంత చిల్లర బ్యాంకుకు తీసుకెళ్తే నవ్వుతారని అన్నయ్య అంటున్నాడు.

తల్లీ, నీ ఉత్తరం చివరికి దాచుకున్నాను.

మ్యాగీ పిల్లలకు చిన్న అట్టపెట్టెలు ఇచ్చేది. అందులో సెంటు సెంటు వేసుకోవాలి. వంద సెంట్లయితే డాలరు. డాలరు కాగానే బ్యాంకులో సొంత ఖాతా. ఆ పిల్లలు పేపర్లు అమ్మేవారు, గడ్డి కోసేవారు, ఇరుగుపొరుగుకు చిన్నాచితకా పనులు చేసిపెట్టేవారు, శనివారాలు దుకాణాల్లో పనిచేసేవారు. వాళ్లలో చాలామంది ఖాతాల్లో వంద నుంచి నాలుగు వందల డాలర్ల దాకా ఉన్నాయని ఆమె ఎంతో మురిసిపోతూ చెప్పింది. పిల్లల విభాగాన్ని ఆమె 1895లోనే మొదలుపెట్టింది, బ్యాంకు పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందు. పెన్నీ సేవింగ్స్ బ్యాంకు పేరులో ఉన్న ఆ పెన్నీ నీ డబ్బాలో ఉన్నటువంటి చిల్లరే.

మన దగ్గర పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరుతో పొదుపు ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చు. అమ్మనో నాన్ననో తోడు తీసుకుని వెళ్లు. ఆధార్ కార్డు, రెండు ఫొటోలు దగ్గర పెట్టుకో. వెళ్లేముందు ఇంట్లోనే చిల్లర పది పది చొప్పున దొంతరలు పెట్టి, ఒక్కో దొంతరనూ కాగితంలో చుట్టి, పైన ఎంతో రాయి. అలా తీసుకెళ్తే లెక్కపెట్టేవాళ్లకూ సులువు. మీ అన్నయ్యను కూడా తీసుకెళ్లు. కౌంటరులో వాళ్లు లెక్కపెట్టేటప్పుడు నువ్వూ మనసులో లెక్కపెట్టుకో. పాస్‌బుక్ చేతికి ఇచ్చాక అక్కడే నిలబడి తెరిచి, 640 అని పడిందో లేదో చూసుకున్నాకే అక్కడి నుంచి కదులు.